పట్టీ అంటే పెట్టె కాదు

"ఒరే సూర్యం, హాల్లో కప్పు నిండు చూలాలి పొట్టలా కిందికి దిగిందిరా. ఒకసారి వచ్చి చూడు" అని అక్క ఫోన్ చేసింది. ఫరీదాబాద్‌లో వాళ్ల ఫ్లాటు మూడో అంతస్తు, పైన డాబా. వానలు పడితే డాబా మీద నీళ్లు నిలవడం ఆ ఇల్లు కట్టినప్పటినుంచీ ఉన్నదే. బావగారు పోయిన మరుసటి వానాకాలానికే అవి హాల్లోకి దిగాయి. ఆయన బతికుండగా దిగడానికి వాటికీ ధైర్యం చాలలేదేమో. నేను ఢిల్లీ చుట్టుపక్కల ఇళ్లకీ ఆఫీసులకీ ఫాల్స్ సీలింగులు వేసే కాంట్రాక్టరుని. ఊరందరి కప్పులూ విప్పి బిగించేవాణ్ణి, అక్క ఇంటి కప్పు జోలికి మాత్రం పాతికేళ్లుగా పోలేదు. కారణం చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. అది నా చేత్తో వేసిన మొదటి కప్పు. అందులో ఒక తప్పుంది. ఆ తప్పుకి గోడ మీద ఒక స్విచ్చి కూడా ఉంది. ఆ స్విచ్చిని చూసి ఆ ఇంటికొచ్చిన ప్రతివాడూ నవ్విపోయాడు.

మా తణుకు వైపు ఆ రోజుల్లో డిగ్రీలో ఫస్టుక్లాసు వచ్చిన కుర్రాణ్ణి ఊరు ఊరంతా కలిసి కలెక్టరుని చేసేసేది. పరీక్ష రాయడమొక్కటే వాడి వంతు. అలా నన్నూ చేసి రైలెక్కించారు. ముఖర్జీ నగర్‌లో ప్లైవుడ్ చెక్కతో రెండుగా చీల్చిన గదిలో సగం నాది. అవతలి సగంలో బీహారు కుర్రాడు పాఠం పైకి చదివేవాడు, ఇవతల నేను వింటూ నిద్రపోయేవాణ్ణి. రెండుసార్లు తప్పాక ఆ సగం గది కూడా ఖాళీ చేసి ఫరీదాబాద్‌లో అక్కా బావల దగ్గర చేరాను. బావగారు ఒక మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసరు. ఇంట్లో కూడా సెక్షన్ ఆఫీసరే. పొద్దున్నే గడ్డం గీసుకుంటూ వార్తలు వినేవారు, కాఫీ గ్లాసు అడుగున గుండ్రటి మరక పడకుండా పాత కవరొకటి వేసుకునేవారు, పేపర్లో నాకు పనికొచ్చే వార్తల కింద ఎర్రపెన్సిల్‌తో గీతలు కొట్టేవారు. గీతలు స్కేలు పెట్టి. వాటి కింద నేనూ సంతకం పెట్టాలేమోనని అప్పుడప్పుడూ భయమేసేది. "మనిషన్నాక పైకి రావాలి సూర్యం, పైకి రావాలి" అన్నది ఆయన రోజూ చదివే మంత్రం.

మూడోసారి ప్రిలిమ్స్ ఫలితాలు వచ్చిన రోజున నేను చేసిన పని ఇప్పుడు చెప్పినా చెవులు వేడెక్కుతాయి. నా నంబరు లేదు. ఇంటికొచ్చేసరికి అక్క గుమ్మంలో నిలబడి ఉంది, ఆమె వెనక బావగారు. ఇద్దరి మొహాలూ చూసి, "పాసయ్యాను" అన్నాను. నోరు జారిందంటే అబద్ధం, కావాలనే అన్నాను. మెయిన్స్‌కి ఇంకా టైముంది కదా, ఈలోగా ఏదో ఒకటి తోచకపోతుందా అనుకున్నాను. నాకేమీ తోచలేదు గానీ బావగారికి తోచింది. వారం తిరక్కుండా ఇత్తడి నేమ్‌ప్లేట్ ఒకటి చెక్కించుకొచ్చారు. ఇంగ్లీషు అక్షరాల్లో నా పేరు, దాని పక్కన కామా, ఆ కామా తర్వాత ఐ.ఏ.ఎస్. గోడకి బిగించడానికి నాలుగు మూలలా నాలుగు చిల్లులు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. దాన్ని పాత ధోవతి ముక్కలో చుట్టి బీరువాలో దాచి, నమ్మకమైనవాళ్లు వస్తే తీసి చూపించేవారు. సెక్టారులో నమ్మకస్తులు కానివాళ్లు ఎవరూ లేరని నెల్లాళ్లలో తేలింది.

అక్క రోజూ పొద్దున్నే క్యారేజీ కట్టేది. ఒక గిన్నెలో పులిహోర, ఒక గిన్నెలో పెరుగన్నం, మీద ఒక ఊరమిరపకాయ. మెట్లన్నీ ఆవనూనె వాసన వేసే ఆ బిల్డింగులో మా గుమ్మం దగ్గర మాత్రం ఇంగువ పోపు వాసన కాపలా కాసేది. ఆ క్యారేజీ పట్టుకుని కోచింగుకని బస్సెక్కి నేను పోయేది రఫీక్ ఉస్తాద్ దగ్గరికి. ఉస్తాద్‌ది బరేలీ, జిప్సం బోర్డుతో కప్పులు వేసే మేస్త్రీ. ముఖర్జీ నగర్‌లో నేను చదువుకునే లైబ్రరీకి ఆయన కప్పు వేస్తుంటే కింద కూచుని రాజ్యాంగం చదవడం మానేసి పైకి చూస్తూ ఉండేవాణ్ణి. ఒకరోజు ఆయన రంగు దారం కొస నా వైపు విసిరి, "పకడో బాబూ" అన్నాడు. పట్టుకున్నాను. ఆయన దారం లాగి వదిలితే స్లాబు మీద నీలం గీత తిన్నగా పడింది. మూడేళ్లలో నా చేతి మీదుగా తిన్నగా జరిగిన మొదటి పని అదే. మర్నాడు కూడా వెళ్లాను, ఆ మర్నాడు కూడా.

పని చెప్పడానికి తేలిక. ముందు స్లాబుకి చెక్క పట్టీలు వరసగా బిగించాలి. స్లాబు ఎప్పుడూ సమంగా ఉండదు కాబట్టి, పట్టీకీ స్లాబుకీ మధ్య వీలునుబట్టి అట్టముక్కో రేకుముక్కో ఎత్తు పెట్టి, పట్టీలన్నీ ఒక్క మట్టానికి తేవాలి. ఆ తర్వాత లైట్ల కరెంటు డబ్బాలు ఆ పట్టీలకే బిగించాలి, వాటి మూతి సరిగ్గా బోర్డు పైముఖానికి సమంగా వచ్చేలా. చివరికి బోర్డు. డబ్బా ఎక్కడుందో రెండు గోడలనుంచీ కొలిచి బోర్డు మీద రాసుకుని, అక్కడ చిల్లు కోసిన తర్వాతే బోర్డు ఎక్కించాలి. కొలవడం మర్చిపోతే డబ్బా బోర్డు వెనక సమాధి అయిపోతుంది. స్విచ్చి ఉంటుంది, వైరు ఉంటుంది, వెలగడానికి లైటుండదు. ఉస్తాద్ ఇది రోజుకి రెండుసార్లు చెప్పేవాడు. నాకు అర్థం కానిది ఆయన హిందీ. మొదటిరోజు నిచ్చెన మీదనుంచి "పట్టీ దే" అన్నాడు. నేను పరిగెత్తుకుంటూ వెళ్లి కరెంటు డబ్బా తెచ్చి ఇచ్చాను. పట్టీని పేటీ అని విన్నాను, మన పెట్టె అన్నమాట. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "మైనే పట్టీ మాంగీ, పేటీ నహీ" అన్నాడు. ఆ రోజునుంచీ నా పేరు పేటీ బాబూ. సివిల్స్ పుస్తకాలన్నీ నమిలినవాణ్ణి, చెక్కకీ పెట్టెకీ తేడా తెలియలేదు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి జుట్టు నిండా తెల్లటి పొడి. మొదటిరోజే అక్క అడిగింది. "సుద్దముక్క పొడి" అన్నాను. దానికి బావగారి మొహం వెలిగిపోయింది. "ముందు బెంచీలో కూచుంటాడు. అందుకే బోర్డు దుమ్మంతా వీడి మీదే పడుతోంది" అని అక్కకి వివరించారు. బోర్డు దుమ్మే, ఆ మాటలో అబద్ధం లేదు. నా మంచం కింద ఒక రేకు పెట్టె ఉండేది. అందులో కలెక్టరు పుస్తకాలు ఉన్నాయని ఇంట్లో నమ్మకం. పుస్తకాలు ఏనాడో పాతపుస్తకాలవాడికి వెళ్లిపోయాయి. ఉన్నవి రంపం, సుత్తి, స్క్రూడ్రైవర్లు, రంగు దారం, మట్టం చూసే నీళ్ల గొట్టం, సున్నం పట్టేసిన ప్యాంటు. దసరాకి అక్క ఆ పెట్టెకి పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. సరస్వతీ పూజ అనుకుని ఆయుధ పూజ చేసింది. బావగారు కూడా కళ్లు మూసుకుని దణ్ణం పెట్టారు. నేను వాళ్లిద్దరి వెనకా నిలబడి, భూమి చీలితే బాగుండునని ఊరికే అనుకోలేదు, నిజంగానే కోరుకున్నాను.

ఇలా ఉండగా బావగారికి హాల్లో కప్పు మీద చెమ్మ మరకలు కనబడ్డాయి. అంతకుముందూ ఉన్నాయి, ఇప్పుడు కలెక్టరు బావగారి కళ్లతో చూశారు. "రేపు నీకోసం ఎంతెంతవాళ్లో వస్తారు సూర్యం. వాళ్లని ఈ మరకల కింద కూచోబెడతామా?" అన్నారు. ఆఫీసులో ఎవరినో అడిగి, మంచి మేస్త్రీ అని ఒకణ్ణి మాట్లాడుకొచ్చారు. బరేలీ వాడట, రఫీక్ అట. ఢిల్లీలో కప్పులు వేసేవాళ్లు చీమల్లా ఉంటారు, ఆయనకి దొరికింది మా ఉస్తాదే. నేను ఉస్తాద్ దగ్గరికి పరిగెత్తి సంగతంతా చెప్పి, మా ఇంట్లో నన్ను ఎరగనట్టు ఉండమని బతిమాలాను. ఆయన చాలాసేపు బీడీ కాల్చి, "ఠీక్ హై, మై తుమ్‌హే నహీ జాన్‌తా" అన్నాడు. తర్వాత, "కానీ మీ బావకి నువ్వే చెప్పచ్చు కదా, దొంగతనమేం చెయ్యలేదే" అని కూడా అన్నాడు. ఆయనకేం తెలుసు. మా ఇంట్లో దొంగతనం చేసినా లాయరుని పెట్టేవారు. చేతిపనికి లాయర్లుండరు.

ఆదివారం ఉస్తాద్ ఒక్కడే వచ్చాడు. ఆయనతో పనిచేసే మనిషి ఏదో పెళ్లికని ఊరెళ్లాడు. నన్ను చూసి చాలా మర్యాదగా "నమస్తే సాబ్" అన్నాడు. గదిలో కూచుని పుస్తకం పట్టుకున్నాను. సుత్తి చప్పుడు వినబడుతుంటే చేతులు ఊరుకోవే. లాభం లేదని స్నానానికి పోయాను. బావగారు బాల్కనీలో నిలబడి కిందింటి శర్మా అంకుల్‌కి మా ఇంటి భవిష్యత్తు వివరిస్తున్నారు. ఉస్తాద్ బల్లెక్కి, ఒక చేత్తో పట్టీ కొసని స్లాబుకి అదిమి, "బీబీజీ, ఏక్ పట్టీ దేనా" అన్నాడు. అక్కకి హిందీ కూరగాయల బండి వరకే వచ్చు. పెట్టెని హిందీలో పేటీ అంటారని మాత్రం ఎవరో చెప్పారు. పాపం బల్ల పొట్టిదై అందట్లేదేమో, ఎక్కి నిలబడ్డానికి పెట్టె అడుగుతున్నాడు అనుకుంది. తోడబుట్టిన రక్తం మరి. మొజాయిక్ నేల మీద రేకు పెట్టె ఈడుస్తున్న చప్పుడు స్నానాలగదిలోకి వినబడింది. ఒంటినిండా సబ్బుతో, తువ్వాలు చుట్టుకుని, "అక్కా, పట్టీ అంటే పెట్టె కాదు" అని అరుస్తూ పరిగెత్తుకొచ్చాను.

అప్పటికే పెట్టె హాలు మధ్యలో ఉంది. ఈడ్చిన ఊపుకి గొళ్లెం ఊడి మూత తెరుచుకుంది. దసరా బొట్లు ఇంకా దాని మీదే ఉన్నాయి. ఉస్తాద్ తల దించి చూశాడు. ఇచ్చిన మాట నిలబెట్టుకునే మనిషే. కానీ పైనే ఉన్నది ఆయన రంపం, రెండు నెలలుగా వెతుక్కుంటున్నది, నేను అడక్కుండా తెచ్చుకున్నది. "అరే, యే తో మేరీ ఆరీ హై! పేటీ బాబూ, తూ లే గయా థా?" అన్నాడు. అనేశాక నాలిక కరుచుకున్నాడు. బాల్కనీ గుమ్మంలో బావగారు.

ఆయన పెట్టెలోకి చూశారు. ప్యాంటుని రెండు వేళ్లతో ఎత్తి దులిపారు. తెల్లటి పొడి రాలింది. "అయితే ఇది సుద్దముక్క పొడి కాదన్నమాట" అన్నారు.

"కాదు బావగారూ."

"ప్రిలిమ్స్?"

"పోయింది. మూడోది కూడా."

అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బావగారు తమ గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. నేను గచ్చు మీద సబ్బునీళ్లు కారుస్తూ నిలబడ్డాను. అంత సిగ్గు నేను మళ్లీ ఎరగను. కాసేపటికి ఆయన బయటికొచ్చి, "బట్టలు కట్టుకుని ఎక్కు. ఆయనొక్కడే ఎంతకని చేస్తాడు" అన్నారు. ఎక్కాను. నన్ను పైకి తీసుకురావాలని ఆయన ఎన్నాళ్లనుంచో అనుకుంటున్నారు, వచ్చాను, బల్ల మీదికి. ఆయన కుర్చీ వేసుకుని కూచుని, స్కేలుతో గీతలు గీసే కళ్లతో చూసి, "ఆ వాయవ్యం మూల పట్టీ పైకి లేవలేదా?" అన్నారు. లేచింది. స్లాబు అక్కడ వంకర. నేను స్క్రూలు తేవడానికి బజారుకి వెళ్లొచ్చేసరికి మూల సమంగా ఉంది. "హో గయా" అన్నాడు ఉస్తాద్. ఏ అట్టముక్కో పెట్టి ఉంటాడనుకుని నేను బోర్డు ఎక్కించాను. ఇంతలో శర్మా అంకుల్ పైకొచ్చాడు. బావగారు నా వైపు చూడకుండా, "హమారా సూర్యం ఖుద్ సూపర్‌విజన్ కర్ రహా హై" అన్నారు. ఆయనకి నేను పట్టీ బిగించడం కన్నా అబద్ధం ఆడటమే తేలిక అని అప్పుడు అర్థమైంది. ఆ విషయంలో మా ఇద్దరికీ పోలిక కుదిరింది.

ఆ కంగారులో డబ్బాలు నాలుగుంటే మూడే కొలిచాను. నాలుగోది, ఆ వాయవ్యం మూలదే, బోర్డు వెనక ఉండిపోయింది. రంగులు కూడా వేశాక తెలిసింది. విప్పుతానన్నాను, బావగారు వద్దన్నారు. పరీక్ష సంగతి ఆయన ఆ తర్వాత ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తడానికి ఆయనకి స్విచ్చి దొరికింది. ఇంటికెవరొచ్చినా కాఫీలయ్యాక లేచి వెళ్లి నాలుగో స్విచ్చి వేసేవారు. అందరూ కప్పు వైపు చూసేవారు. ఏమీ వెలిగేది కాదు. "ఫెయిల్" అనేవారు బావగారు. "ఇది మా సూర్యం వేసిన లైటు." అందరూ నవ్వేవాళ్లు. నేను వేరే ఇల్లు తీసుకున్నాను, ఉస్తాద్ దగ్గరనుంచి బయటికొచ్చి సొంతంగా పని పెట్టాను, నేను చదవలేకపోయిన ముఖర్జీ నగర్‌లోనే ఎన్నో లైబ్రరీలకి కప్పులు వేశాను. కింద కూచున్నవాళ్ల సంగతి తెలియదు గానీ కప్పులన్నీ పాసయ్యాయి. పండక్కి అక్క ఇంటికి వెళితే మాత్రం "ఫెయిల్." ఒళ్లు మండిపోయేది. ఇత్తడి పలక ఆ తర్వాత బీరువాలో కనబడలేదు, పాత సామాన్ల కబాడీవాడికి వేసేశారనుకున్నాను. అడగలేదు. మనిషి పోయాడు, చివరిదాకా అడగలేదు. నన్ను చూసి ఆయన సిగ్గుపడ్డారా, ఊరికే నవ్వుకున్నారా, ఆ ఒక్క సంగతి తెలిస్తే చాలుననిపించేది.

మొన్న నా మనుషులతో వెళ్లి కప్పు విప్పాను. ఇప్పుడు నీళ్ల గొట్టాలు లేవు, ఎర్రటి లేజరు గీత గది చుట్టూ తిరుగుతుంది. చెక్క పట్టీలు లేవు, రేకువి. చదువు మానేసి నిచ్చెన ఎక్కినా ఎవరూ దాచుకోనక్కర్లేదు, దాన్ని ఇంటీరియర్స్ అని ఇంగ్లీషులో చెబితే సంబంధాలు కూడా వస్తాయి. గురుగ్రామ్‌లో సాఫ్ట్‌వేర్ చేసే మేనకోడలు హరిత వచ్చి నిలబడి, "మామయ్యా, యే డెడ్ స్విచ్ హటా దో న, ప్లీజ్" అంది. తీసేయొద్దంది అక్క. వాయవ్యం మూల బోర్డు ఊడదీస్తే నా నాలుగో డబ్బా బయటపడింది, పాతికేళ్ల దుమ్ముతో, వైరు చుట్ట చుట్టుకుని. దాని పక్కన పట్టీ విప్పుతుంటే పట్టీకీ స్లాబుకీ మధ్య ఏదో కనబడింది. చిలుము పట్టిన ఇత్తడి. తుడిచాను. నా పేరు, కామా, ఐ.ఏ.ఎస్. స్క్రూ సరిగ్గా గోడకని పెట్టిన చిల్లుల్లో ఒకదాంట్లోంచి వెళ్లింది.

నిచ్చెన మీదనుంచే అక్కకి చూపించాను. "దీన్ని ఎవరికీ కనబడకుండా దాచారన్నమాట" అన్నాను.

అక్క కళ్లజోడు పెట్టుకుని చూసి, "అదా" అంది. "నువ్వు స్క్రూలకి వెళ్లావు. ఉస్తాదు ఎత్తుకి ఏదైనా ముక్క ఇమ్మని సైగ చేశాడు. నేను అట్టముక్క తేబోతుంటే మీ బావ ఆగమని, బీరువా తీసి ఇది తెచ్చిచ్చారు. ఇంట్లో అట్టముక్కలు లేక కాదురా."

"మరి ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"నువ్వెప్పుడడిగావు? ఆయన ఫెయిల్ అంటే నువ్వు మొహం తిప్పుకునేవాడివి. మొహం తిప్పుకున్నవాడికి ఏం చెప్పను?"

నేను నిచ్చెన మీదే కూచుండిపోయాను. నా మనుషులు సిగరెట్లకని కిందికి వెళ్లారు. ఏడుపొచ్చింది, ఏడ్చాను. పాతికేళ్లు ఆ మనిషి జోకు మీద పగబట్టి కూచున్నాను. ఆయన ఆ జోకు వేస్తున్నంతసేపూ నా పేరు ఆయన నెత్తి మీదే ఉంది, నేను వేసిన కప్పుని సమంగా నిలబెడుతూ.

మర్నాడు కొత్త పట్టీలు బిగించాం. లేజరు పెడితే ఆ మూల స్లాబు ఇప్పటికీ వంకరే. నా దగ్గర కొలతల ప్రకారం కోసిన ప్లాస్టిక్ ముక్కలు పెట్టెడు ఉన్నాయి. ఆ పలకే తీసి, అదే చిల్లులోంచి స్క్రూ దించాను. "ఏరా, పట్టీ పెట్టావా?" అంది కిందనుంచి అక్క. ఆవిడ ఆ మాట సరిగ్గా వాడటం అదే మొదటిసారి. "పెట్టానక్కా" అన్నాను. నాలుగు డబ్బాలూ రెండేసి సార్లు కొలిచి రాసుకున్నాకే బోర్డు ఎక్కించనిచ్చాను.

లైట్లు బిగించిన రోజు హరిత వీడియో తీస్తానంది. అక్క ఆమెని పక్కకి జరగమని, తనే వెళ్లి నాలుగో స్విచ్చి వేసింది. వెలిగింది. అక్క తలెత్తి దాన్ని చూసి, "పాసయ్యావురా సూర్యం" అంది.